పెరిగిన గాజు

గూడూరు

గూడూరు ఏ జిల్లాలో ఉందని అక్కడివాళ్లను అడగకండి. నేను అడిగాను. స్టేషన్ బయట టీ పోస్తున్నాయన చేతిలోని గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. జిల్లాలు విడగొట్టాక కాగితాల్లో ఏముందో తనకు తెలియదనీ, తాము మటుకు నెల్లూరోళ్లమనీ చెప్పాడు. పక్కన నిలబడి టీ తాగుతున్న మనిషి ఒప్పుకోలేదు. పింఛను ఇచ్చేది కాగితమే కదా అన్నాడు. నా టీ చల్లారేదాకా వాళ్లిద్దరూ తేల్చుకోలేదు. వాదన అంటించి పక్కకు తప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి, సంచీ భుజాన వేసుకుని నిమ్మకాయల వాసన వస్తున్న వైపు నడిచాను.

నిమ్మకాయల మార్కెట్టు మా తెనాలిలోనూ ఉంది. అందుకని కొంచెం పొగరుగానే లోపలికి వెళ్లాను. షెడ్ల కింద కాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. పొద్దుటి ఎండ రేకుల సందుల్లోంచి వాటి మీద పడి, ఆ వెలుతురు తిరిగి మనుషుల ముఖాల మీదికి వస్తోంది. గుట్టల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరూ పసుపు రాసుకున్నట్టున్నారు. వాళ్ల చేతులు కళ్లతో పని లేకుండా పండునూ పచ్చినీ విడదీస్తున్నాయి. నోళ్లు ఇంకెవరి కాపురాన్నో విడదీస్తున్నాయి.

మాది తెనాలి అనీ, మా కాయకు రసం ఎక్కువనీ నేను అనకుండా ఉండాల్సింది. వాళ్లలో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, ఒక కాయ ఏరి నా చేతిలో పెట్టింది.

"పట్టకపో. మీ ఊరి కాయ పక్కన బెట్టుకో. ఏది ముందు ఎండతాదో జూసినాక మాట్లాడదాం."

డబ్బులిస్తే తీసుకోలేదు. పందేనికి డబ్బులేంటన్నట్టు చెయ్యి విదిలించింది.

ఆ కాయ సంచిలో వేసుకుని, ఎర్రకారం పూసిన దోశ తిని, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాను. మా వైపు కారం నాలుక మీద ఆగుతుంది. వీళ్లది చెవుల దాకా వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని వస్తుంది. ధర మాత్రం మా ఊళ్లో ఇడ్లీ కంటే తక్కువే.

ఇక సంచిలోని డబ్బా సంగతి. ఈ ప్రయాణమంతా దాని కోసమే. అది పాత స్టీలు టిఫిన్ డబ్బా. నేను నడిచినప్పుడల్లా గలగలమంటుంది. అందులో నా గాజులున్నాయి. రెండేళ్ల కిందట మా ఆయన పోయారు. పదో రోజున చుట్టాలు నన్ను కూర్చోబెట్టి ఈ గాజులు పగలగొడతామన్నారు. పగలగొట్టడానికి కొన్నది మీరా అని అడిగాను. చాలానే అడిగాను. నాకు వాదించడం వచ్చినంతగా ఏడవడం రాదు. చివరికి నా చేతులతో నేనే ఒక్కొక్కటీ తీసి, ఏదీ విరగకుండా డబ్బాలో పెట్టి మూత వేశాను. గెలిచాననే అనుకున్నాను.

గెలిచిన గాజులను ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు. వేసుకుంటే ఇంట్లో ఇంకెవరో తిరుగుతున్న చప్పుడు. పారేయడానికి మనసొప్పలేదు. మా ఆడపడుచు కూతురికి ఇవ్వబోతే, పిల్లకు అలర్జీ అని వాళ్లమ్మ మర్యాదగా తిరిగి పంపింది. పనిమనిషికి ఇస్తే మొక్కి మరీ వద్దంది. అన్నం పెడితే తింటారు, చీర ఇస్తే కట్టుకుంటారు. మొగుడు పోయినదాని గాజులు మాత్రం ఎవరూ తీసుకోరు. గట్టిగా వాదిస్తే ఒప్పుకుంటారు. ఒప్పుకుని కూడా తీసుకోరు.

కిందటేడు విజయవాడలో ఒక ప్రదర్శనలో గాజుతో చేసిన చేపల వల చూశాను. పైకప్పు నుంచి వేలాడుతోంది, కింద దాని నీడ నీళ్లలా కదులుతోంది. ఇది దేనికి పనికొస్తుందని దాన్ని చేసినమ్మాయినే అడిగాను. దేనికీ పనికిరాదండీ అని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆ జవాబు నాకు నచ్చింది. పేరు నీలవేణి. గూడూరు అమ్మాయి, వాళ్ల నాన్నది అభ్రకం వ్యాపారం. చెక్ దేశంలో గాజు ఊదడం నేర్చుకుని వచ్చి, సముద్రం పక్కన కొలిమి పెట్టుకుంది. గాజులు కరిగించి ఇంకేదైనా చెయ్యొచ్చా అని ఫోన్‌లో అడిగితే, తీసుకురండి చూద్దాం అంది.

తెల్ల దిబ్బలు

గూడూరు నుంచి సముద్రం వైపు ఆటోలో వెళుతుంటే, కోట దగ్గరపడే కొద్దీ నేల రంగు తగ్గిపోతూ వచ్చింది. ఎర్రది పసుపైంది, పసుపు పాలిపోయింది, చివరికి రోడ్డుకు రెండు వైపులా కల్లుప్పులా మెరిసే తెల్లని ఇసుక మిగిలింది. మధ్యలో సరుగుడు తోపులు. లారీలు గుడ్డలు కప్పుకుని వరసగా నిలబడి నిద్రపోతున్నాయి.

ఈ ఇసుక ఇల్లు కట్టడానికి పనికిరాదని ఆటో అతను చెప్పాడు. అద్దాలకు పోతుందట. దేశంలో ఎక్కడి కిటికీలో చూసినా మా ఇసుకే ఉంటుంది అన్నాడు గర్వంగా. అతని ఆటో ముందద్దం అడ్డంగా పగిలి, టేపు అతికించి ఉంది. అది చూపించి మరి ఇదేమిటన్నాను.

"ఇసక మాది మేడం. అద్దం మాది గాదు గదా."

అతన్ని ఆగమని దిబ్బ ఎక్కాను. చెప్పులు విప్పి నడిస్తే ఇసుక పాదాల కింద సన్నగా కీచుమంది. పైకి వెళ్లేసరికి రోడ్డు చప్పుడు ఆగిపోయింది. ఆకాశానికీ నేలకూ మధ్య గీత లేదు. గాలిలో ఎండ వణుకుతోంది. ఈ దిబ్బంతా ఇంకా కాని గాజు, ఎవరింటి అద్దమో, ఏ పిల్ల చేతి గాజో, ఇక్కడ పొడిగా పడుకుని పిలుపు కోసం చూస్తోంది అనిపించింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కింద ఆటో అతను హారన్ కొట్టి ఆ దిబ్బను మళ్లీ ఇసుక చేశాడు.

పుట్టిల్లు, అత్తిల్లు

నీలవేణి ఉండే పాలెం పేరు రాయొద్దని మాట తీసుకుంది. ఫొటోల కోసం జనం వచ్చి పడతారట. వాకాడు దాటాక సముద్రం వైపు ఉందనుకోండి, చాలు. ఒకప్పుడు రొయ్యపిల్లలను పెంచిన షెడ్డు అది. ఖాళీ సిమెంటు తొట్లు అట్లాగే ఉన్నాయి. వాటిలో ఇప్పుడు గాజు వస్తువులే పెరుగుతున్నాయి. ఒక తొట్టిలో పచ్చని గాజు కెరటం పడుకుని ఉంది. బయట తీగ మీద వేలెడంత గాజు నెత్తళ్ల చేపలు వరసగా ఎండుతున్నాయి. పాలెంలో అసలు నెత్తళ్లు ఎండబెట్టిన తీగ పక్కనే ఇదీ కట్టింది. కాకులు మోసపోవడం లేదు గానీ, ఒక పిల్లి మాత్రం రోజూ వచ్చి కింద కూర్చుని ఆశగా చూస్తుందట.

నీలవేణికి ముప్పై దాటి ఉంటాయి. ముంజేతుల మీద కాలిన మచ్చలు. మాటలు తక్కువ. అట్లాంటివాళ్లతో వాదించడం నాకు కష్టం, గోడకు బంతి కొట్టినట్టు కూడా ఉండదు, దూదికి కొట్టినట్టుంటుంది. ఆ లోటు తీర్చడానికి కామాక్షమ్మ ఉంది. పాలెం మనిషే, భర్త పడవ మీద వెళతాడు. నీలవేణి గాజుకు ఆకారం ఇస్తుంటే గొట్టంలోకి ఊదేది కామాక్షమ్మ. చేపల గంప ఎత్తుకుని ఊళ్లో కేకలేసిన ఊపిరి తనదనీ, చదువుకున్నవాళ్లకు అంత ఊపిరి ఉండదనీ నేను కూర్చోకముందే చెప్పేసింది.

అక్కడ పొయ్యిలకు పేర్లు పెట్టిందీ ఆమే. ఇసుక కరిగే పెద్ద కొలిమి పుట్టిల్లు. రాత్రీ పగలూ వేడిగా ఉంటుంది, ఎవరొచ్చినా కాదనదు. పక్కన ఇటుకల పెట్టెలాంటిది అత్తిల్లు. తయారైన వస్తువును అందులో పెట్టి మెల్లగా చల్లారుస్తారు. తొందరపడి ఒకేసారి చల్లారిస్తే గాజు నిలవదు. "పుట్టింట్లో ఎవురూ పాడుగారక్కా. ఏవన్నా అయితే అత్తింట్లోనే అయ్యేది" అంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నాకే ముచ్చటేసింది.

అంతలో బల్ల మీద నుంచి గాజు గ్లాసొకటి జారి కిందపడింది. కామాక్షమ్మ చీపురు తెస్తూ, చిన్నది ఒకటి పెరిగిందమ్మా అని లోపలికి చెప్పింది. నేను నవ్వాను. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. మా అత్తగారింట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనేవాళ్లు, దీపం ఆరితే కొండెక్కిందనేవాళ్లు. గాజు పగిలితే పెరిగిందనాలి. పగిలిందనే మాట నోట్లోంచి రాకూడదు.

కామాక్షమ్మ నోట్లోంచి కూడా రాదు. వాళ్లమ్మ నేర్పిన మాట. చేతి గాజైనా కొలిమి గాజైనా గాజే కదా అంటుంది. ఈ మాట వల్ల మొదట్లో ఒక గొడవ జరిగింది. నీలవేణి పని మీద గూడూరు వెళ్లినప్పుడు, అత్తింట్లో ఉన్న కూజా పెరిగిందని కామాక్షమ్మ ఫోన్ చేసింది. నీలవేణికి ఆ మాట తెలియదు. పొయ్యి వేడి ఎక్కువై కూజా నిజంగానే మెత్తబడి ఉబ్బుతోందనుకుంది. వెంటనే మంట ఆపేసి తలుపు తియ్యమంది. పగిలింది ఒక కూజా. తలుపు తియ్యగానే మిగతావన్నీ పగిలాయి. కామాక్షమ్మ ఫోన్ పట్టుకుని, పెరిగింది, ఇంకోటి పెరిగింది, అయ్యో అన్నీ పెరగతుండాయి అని చెబుతూనే ఉందట. చెబుతూ నీలవేణి కూడా నవ్వింది. ఇప్పుడు తనూ పెరిగిందనే అంటుంది.

నా నవ్వు మధ్యలోనే ఆగింది. ఆ మెత్తని మాట గాజులు వేసుకోవాల్సిన చేతులకే. ఆ పదో రోజున మా ఇంట్లో ఎవరూ పెరగాలనలేదు. పగలగొట్టాలన్నారు, అంత స్పష్టంగా. ఇంకో మాట వెతకాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

డబ్బా మూత తీశాను. ఆకుపచ్చవి ఆయన కొన్నవి, ఎర్రవి నేను కొన్నవి. ఏ ఊరు వెళ్లినా ఆయన ఆకుపచ్చవే తెచ్చేవారు. నాకు ఎరుపు ఇష్టమని చెబితే, నీకు నచ్చేవి నువ్వు కొనుక్కో, నాకు నచ్చేవి నేను తెస్తాననేవారు. లెక్కల మాస్టారు. లెక్క సరిపోతే చాలు.

నీలవేణి రెండు రంగులవీ వెలుతురుకు పట్టి చూసింది. ఇవి కలవవు మేడం అంది. ఎక్కడెక్కడో చేసిన గాజు, ఒకటి చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకోటి తక్కువ. రెండింటినీ ఒకే వస్తువు చేస్తే ఒకదాన్నొకటి లాక్కుని పగులుతాయి. ఎర్రవి వేరుగా, ఆకుపచ్చవి వేరుగా రెండు చిన్న వస్తువులు చేద్దాం అంది. పైగా ముందే ముక్కలు చేసి వేస్తే బాగా కరుగుతాయంది.

ముక్కలు చెయ్యడానికి వీల్లేదన్నాను. వేరు చెయ్యడానికీ వీల్లేదన్నాను. ఎక్కువ ముడుచుకునేది నేను, తక్కువ ముడుచుకునేది ఆయన, కాపురమంతా ఒకదాన్నొకటి లాక్కుంటూనే ఉన్నాం, ఏం పగిలింది అని అడిగాను. ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూడలేదు, అది ఆమె మంచితనం.

"పగిలితే మీరు బాధపడతారు. చుట్టాలను వద్దన్న పని మీరే చేయించినట్టవుతుంది. దానికి మీరు ఒప్పుకుంటేనే వేస్తాను."

కామాక్షమ్మ వచ్చి డబ్బాలోకి తొంగి చూసి, ఇన్ని గాజులు బెట్టుకోని డబ్బాలో మూసిందా అని ఎవరినో అడిగినట్టు అడిగింది. ఒప్పుకున్నానన్నాను.

ఊపిరి

మర్నాడు పొద్దున్న నా గాజులు పుట్టింటికి వెళ్లాయి. పిడికిలంత మట్టి మూసలో వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, కొలిమి కన్నంలోంచి లోపల పెట్టారు. నల్లద్దాలు పెట్టుకుని చూడనిచ్చారు. లోపల రంగుల్లేవు, అంతా ఒకే నారింజ వెలుగు. ఆ వెలుగులో గుండ్రాలు కాసేపు గుండ్రాలుగానే ఉన్నాయి. తర్వాత పైన ఉన్నది మెల్లగా వంగి పక్కదాని మీద తలవాల్చింది. అది ఇంకోదాని మీద వాలింది. బంగారు పూత చిన్న మంటలా లేచి పోయింది. ఏది ఎర్రదో ఏది ఆకుపచ్చదో అడగడానికి లేదు. నిద్రపోయేవాళ్లు నిద్రలో ఒత్తిగిలినట్టు ఒక్కో గాజూ ఒత్తిగిలి, కనపడకుండా పోయింది. ఎక్కడా చప్పుడు లేదు. గాజులు శబ్దం లేకుండా ఏదైనా చెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి.

ఏం చెయ్యమంటారని నీలవేణి అడిగింది. నేను ఆలోచించి పెట్టుకోలేదు. గిన్నె అంటే గిన్నె, పువ్వంటే పువ్వు, మీ ఇష్టం అన్నాను. కామాక్షమ్మ వల బెండు చెయ్యమంది. వలలకు కట్టే బెండ్లలాగే గుండ్రంగా, బోలుగా, ఎక్కడా కన్నం లేకుండా. నీళ్లలో వేస్తే మునగదు అంది. మునగదన్న మాట నాకు సరిపోయింది.

పొడవాటి ఇనుప గొట్టం చివర ముద్ద తీసి, ఇనుప బల్ల మీద దొర్లించి, తడిపిన న్యూస్‌పేపరు మడతతో నీలవేణి దాన్ని నిమరసాగింది. అచ్చంగా అరచేతిలో కాగితం, కాగితం మీద నిప్పు. కాలిన తడి కాగితం వాసన షెడ్డంతా నిండింది. గొట్టం ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, ఆగితే తేనెలా కిందికి జారిపోతుంది. ఊదడానికి కామాక్షమ్మ ముందుకొచ్చి, మళ్లీ ఆగి, నువ్వూదు అక్కా అంది.

నాకు ఊపిరికి లోటేమిటి. స్టాఫ్‌రూములో ఊపిరి తీసుకోకుండా మాట్లాడినదాన్ని. గట్టిగా ఊదాను. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా ఊదాను. చెవులు దిబ్బడేశాయి. కామాక్షమ్మ బొడ్డులో చెంగు దోపుకుంటూ నవ్వింది.

"అట్ట గాదక్కా. రవ్వంత ఊది యేలితో మూసెయ్. మూసేసి గమ్మునుండు. లోపల కాకకి ఆ ఊపిరే పెద్దదవతాది. నువ్వేం మాట్లాడబాక."

రవ్వంత ఊది, బొటనవేలితో గొట్టం మూసి, నోరు మూసుకుని నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఆ ముద్ద మధ్యలో మినపగింజంత చీకటి పుట్టింది. అది చూస్తుండగానే గోళీ అయింది, నిమ్మకాయ అయింది. నేనేమీ చెయ్యడం లేదు. నేను వదిలేసిన ఊపిరి నా ప్రమేయం లేకుండా లోపల తన గది తాను కట్టుకుంటోంది. జీవితంలో నోరు మూసుకుని సాధించిన పని నాకు అదొక్కటే గుర్తుంది.

నీలవేణి మెడ సన్నం చేసి, గొట్టం నుంచి విడదీసి, చివర మిగిలిన కన్నాన్ని మూసలో అడుగున మిగిలిన చుక్కతో మూసేసింది. అరచేతిలో పట్టే గుండు. వేడి తగ్గే కొద్దీ రంగులు బయటపడ్డాయి. బురద రంగొస్తుందనుకున్నాం. రాలేదు. ఆకుపచ్చలో ఎరుపు పొగలా చుట్టుకుని ఉంది. మధ్యమధ్య ముక్కలు చెయ్యనివ్వనందుకు మిగిలిన చిన్న చిన్న బుడగలు. దాన్ని అత్తింట్లో పెట్టి తలుపు వేశారు. ఇంత కలవని గాజును మామూలుగా చల్లారిస్తే లాభం లేదనీ, వీలైనంత మెల్లగా చల్లారుస్తాననీ, ఎల్లుండి పొద్దుటిదాకా ఎవరూ తలుపు తియ్యకూడదనీ నీలవేణి చెప్పింది. ఎవరూ అన్నప్పుడు నా వైపే చూసింది.

ఆ సాయంత్రానికే ఆ పెట్టె చుట్టూ నేను చాలాసార్లు తిరిగాను. లోపల చప్పుడవుతోందా అని చెవి పెట్టాను. వేడి గురించి నాలుగు సలహాలిచ్చాను. రేపు మైపాడు చూసి రండి మేడం, చాలా బాగుంటుంది అని నీలవేణి బతిమాలింది. ఆమె బతిమాలడం అంటే మిగతావాళ్లు మెడ పట్టి గెంటడం.

మైపాడు

నెల్లూరు బస్టాండులో ఒక కండక్టరుతో చిల్లర గురించి వాదిస్తూ బస్సెక్కాను. వాదన పూర్తయ్యాక చూస్తే అది బుచ్చిరెడ్డిపాలెం బస్సు. సముద్రానికి సరిగ్గా వెనక్కి వెళుతున్నాను. కండక్టరు ఆ సంగతి చివరిదాకా చెప్పకపోవడం అతని గెలుపు. బుచ్చిలో దిగి, ధాన్యం బస్తాల వాసనలో ఒక కూల్‌డ్రింక్ తాగి, తిరుగు బస్సులో నెల్లూరు, అక్కడి నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు చేరేసరికి మధ్యాహ్నం. దారి పొడుగునా రొయ్యల గుంటలు. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లను ఎగజల్లుతుంటే, ప్రతి గుంట మీదా ఒక గాజు చెట్టు మొలిచి కూలి మళ్లీ మొలుస్తున్నట్టుంది. గాజు తప్ప నాకింకేమీ కనిపించని రోజు అది.

సముద్రం ఒడ్డున ఒక మెస్సులో చేపల పులుసు పెట్టారు. పచ్చి మామిడి ముక్కలు వేసి, చిక్కగా. మా ఇంట్లో చింతపండే, మామిడికాయ పప్పులోకి. నీసులో మామిడికాయేమిటని అడగబోయి ఒక ముద్ద తిని ఊరుకున్నాను. ఇది ఇయ్యాల్టి పులుసు కాదని వడ్డించే ఆమె చెప్పింది. నిన్న కాచి దించిందట. దించగానే తింటే అందులో ఏముంటుంది, అది తన పాటికి తాను చల్లారి ఉప్పూ పులుపూ ఒకళ్లనొకళ్లు ఒప్పుకోవాలి కదా అంది. ఈ కోస్తాలో అందరూ కలిసి నాకొకే పాఠం చెబుతున్నారని అనుమానం వచ్చింది.

వలలు ఆరేసిన పాక నీడలో కూర్చున్నాను. కెరటాలు వచ్చి పోతున్నాయి. కళ్లు మూతలు పడ్డాయి. కలో కాదో తెలియదు. మా ఆయన ఒక కొట్టు ముందు నిలబడి, ఆకుపచ్చ గాజుల వరసలోంచి ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నారు. సైజు తప్పు, నాకు రెండున్నర కావాలి అని నేను వెనక నుంచి చెబుతున్నాను. ఆయన వినడం లేదు. నోట్లోంచి మాట రావడం లేదని అప్పుడు అర్థమైంది. బొటనవేలితో దేన్నో మూసి పట్టుకుని ఉన్నాను, వదిలితే పోతుంది. ఆయన తిరిగి చూసి, చిన్నగా నవ్వి, వదిలెయ్ అన్నారు.

గాజుల గలగలకు మెలకువ వచ్చింది. పక్కన ఒకామె ఇసుక మీద నెత్తళ్లు తిరగేస్తోంది. ఎండ వాలిపోయింది.

తలుపు

ఎల్లుండి అన్న పొద్దు రానే వచ్చింది. నేను షెడ్డు చేరేసరికి కామాక్షమ్మ అత్తింటి తలుపు ముందు నిలబడి ఉంది. తలుపు తీసి ఉంది. నీలవేణి లోపలికి చేతులు పెట్టి ఉంది, ఆమె వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. దేన్నయినా ముందు నుంచే అడ్డుకునే మనిషిని, అక్కడ ఒక్క అడుగు వెయ్యలేకపోయాను.

కామాక్షమ్మ నా దగ్గరికొచ్చి, నా ముంజేయి పట్టుకుని చెప్పింది.

"పెరిగిందక్కా."

గాజులు అమ్మే మనిషి తప్ప ఎవరూ పట్టుకోని చోట పట్టుకుంది. ఖాళీ చెయ్యి. ఆమె ఆలోచించి అన్న మాట కాదు. వాళ్లమ్మ నేర్పింది, ఏ గాజుకైనా అదే అంటుంది, పొద్దున్న లేచి కూజాకీ గ్లాసుకీ అన్నట్టే నాకూ అంది. దాన్ని నా కోసమే అన్నట్టు విన్నది మాత్రం నేనొక్కదాన్నే. ఆ పదో రోజున ఇల్లంతా చుట్టాలున్నారు, ఒక్కళ్లకు ఈ మాట తట్టి ఉంటే చెయ్యి చాచేదాన్నేమో. ఆ సంగతి అక్కడ నిలబడ్డాకే నాకు తెలిసింది.

నీలవేణి రెండు చేతుల్లో రెండు చిప్పలు పట్టుకొచ్చింది. కొబ్బరికాయ కొట్టినట్టు గుండు సరిగ్గా రెండైంది. ఆకుపచ్చా ఎరుపూ కలిసిన చోటే గీత వెళ్లిందని రాస్తే బాగుండేది. అట్లా వెళ్లలేదు. రెండు రంగులనూ అడ్డంగా దాటుకుంటూ తన ఇష్టం వచ్చినట్టు వెళ్లింది. రెండు చిప్పల్లోనూ ఇద్దరమూ ఉన్నాం. లోపల నేను వదిలిన ఊపిరి ఎప్పుడు బయటికి పోయిందో ఎవరికీ తెలియదు. పాక నీడలో నిద్రపోతున్నప్పుడే పోయి ఉంటుందని నా నమ్మకం. ఇది మటుకు ఎవరితోనూ వాదించను.

క్షమించండి మేడం, చెప్పాను కదా అని నీలవేణి అనలేదు. చిప్పల అంచులు తడి రాయి మీద అరగదీసి, చెయ్యి కోసుకోకుండా నునుపు చేసిచ్చింది. నేను వాటిని తువ్వాలులో చుడుతుంటే కామాక్షమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది. చేతులకు నిండా గాజులు, కొలిమి కాకకు పైకి తోసి గుడ్డ కట్టుకునే గాజులు.

"అక్కా, ఒక చిప్ప నాకియ్యి."

ఎందుకని అడిగాను. ఉప్పు పోసుకుంటానంది. ఇవి ఏ గాజులో తెలుసు కదా అన్నాను. తెలియకేం, మూసలో పేర్చింది నేనే కదా, ఏం గాజులైతే ఉప్పు ఉప్పగా ఉండదా అంది. ఇస్తావా, వాదిస్తావా అని కూడా అడిగింది.

ఇచ్చాను. రెండేళ్లలో నా చేతి గాజు తీసుకున్న మొదటి మనిషి.

బయల్దేరేటప్పుడు నీలవేణి ఆటో దాకా వచ్చింది. లోపలి లాగుడు ఇంకా పూర్తిగా పోలేదని, వేడి తగలనివ్వొద్దని, ఎంత జాగ్రత్తగా పెట్టినా ఇంకా పెరగొచ్చని చెప్పింది. పెరగనీ అన్నాను.

తెనాలి

నా చిప్ప ఇప్పుడు కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. పొద్దున్న ఎండ పడితే గోడ మీద ఆకుపచ్చ నీళ్లు, వాటిలో ఎర్రగా ఏదో ఈదుతున్నట్టు. అందులో గూడూరు నిమ్మకాయనూ, పక్కన మా మార్కెట్టు కాయనూ పెట్టాను. ముందు ఎండింది మాదే. ఈ సంగతి గూడూరులో ఎవరితోనూ చెప్పకండి.

మొన్న మధ్యాహ్నం పేపరు చదువుకుంటున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. బల్ల మీద టిక్కుమని సన్నగా చప్పుడైంది. లేచి చూస్తే చిప్ప అంచు నుంచి లోపలికి ఒక కొత్త గీత. నిమ్మకాయ తీసి పక్కన పెట్టాను. తర్వాత కామాక్షమ్మకు ఫోన్ చేశాను.

"నాది పెరిగింది" అన్నాను.

ఫోన్‌లో సముద్రం వినిపిస్తోంది. వెనక ఎవరో కొలిమి దగ్గర ఏదో అడుగుతున్నారు. వాళ్లను ఆగమని చెప్పి, ఆమె నన్ను అడిగింది.

"ఎంత పెరిగిందక్కా?"

"వెంట్రుకంత" అన్నాను.